నీలం వెన్ను

మరమనిషిలా వెండిరంగు పూసిన అట్టపెట్టెలో నిలబడి ఒక పెద్దమనిషి నన్నడిగాడు, "అమ్మా, తమరు ఏ వేషంలో వచ్చారు?" అని.

"బైండరు వేషం," అన్నాను.

ఆయన నా చేతుల వంక చూశాడు. నలభై ఏళ్ళుగా జిగురులో కలిపే మైలుతుత్తం గోళ్ళలోకి దిగి నా వేళ్ళు నీలంగా ఉంటాయి. పైటకి గుచ్చుకున్న సూది చూశాడు. "బాగుందమ్మా. ఏ కథలో పాత్ర?"

"ఇంకా పూర్తవలేదండి. సాయంత్రానికి అయిపోతుంది."

ఆయన నవ్వి, 'పైడమ్మ, విజయనగరం' అని రాసిన అట్టముక్క నా మెడలో వేశాడు. పేరు భూషణం. తపాలా శాఖలో చేసి రిటైరయ్యాడు, ఈ రోదసి సభకి కార్యదర్శి. విశాఖపట్నం బీచిరోడ్డులో ఒక కల్యాణ మండపం తీసుకుని ఏటా రెండు రోజులు జరుపుతారు. వేరే గ్రహాల కథలు, మంత్రలోకాల కథలు చదివే పిచ్చివాళ్ళంతా వస్తారు. నేను తిట్టడం లేదు, వాళ్ళే అలా చెప్పుకుంటారు. ఎక్స్‌రే ఫిల్ములతో రెక్కలు కుట్టుకున్న అమ్మాయొకతి ఇడ్లీ ప్లేటు పట్టుకుని పక్కకి తిరిగి తిరిగి నడుస్తోంది. మొహానికి ఆకుపచ్చ రంగు పూసుకున్నాయన చట్నీలో ఉప్పు చాల్లేదని వంటవాడితో పేచీ పెట్టుకున్నాడు. మనుషులు మంచివాళ్ళే. నేను వచ్చింది వాళ్ళ కోసం కాదు.

వేదిక మీద కట్టిన గుడ్డ కోసం వచ్చాను. 'విశ్వపతి యంత్రం: నామకరణ సభ' అని రాసుంది దాని మీద. పాత పుస్తకం వెన్నులోంచి పాత గొంతులు వినిపించే యంత్రానికి డాక్టర్ విశ్వపతి పేరు పెడతారట. ఆ పేరు ఉండాల్సిన చోట మా చెల్లెలు ఉమామణి పేరుండాలి. అది పోయి ఇరవై ఆరేళ్ళయింది. అది కుట్టిన పుస్తకం ఒకటి నా సంచీలో ఉంది. ఆ పుస్తకాన్ని ఆయన చేతే యంత్రంలో పెట్టించి, ఆయన పరువు నడిసభలో తియ్యాలని వచ్చాను. ఇందులో దాపరికం ఏమీ లేదు. నేను మంచిదాన్నని ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన, ఆయన అంటున్నాను గానీ లోపల వాడు అనే అంటాను.

మా నాన్నది విజయనగరంలో బైండింగు కొట్టు. ఆ రోజుల్లో వారపత్రికలో సీరియల్ నచ్చితే వారం వారం ఆ కాగితాలు చింపి పరుపు కింద దాచేవాళ్ళు. సీరియల్ అయిపోగానే కట్ట తెచ్చి నాన్న ముందు పెట్టేవాళ్ళు. మధ్యలో ఒక వారం దొరక్కపోతే నాన్న అక్కడ తెల్లకాగితాలు పెట్టి కుట్టేవాడు, ఎప్పటికైనా దొరికితే అంటించుకుంటారని. మైదా జిగురు ఉడికేటప్పుడు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు ఎవరైనా. నాన్న గుప్పెడు వేసేవాడు. మా పుస్తకాల వెన్ను నీలంగా ఉండేది. అట్ట ఊడిపోయినా అది మా కొట్టు పుస్తకమని తెలిసిపోయేది.

ఉమ ఫిజిక్సు చదివి ఈ విశ్వపతి దగ్గరే పరిశోధనలో చేరింది. సెలవులకొస్తే మాత్రం కొట్లోనే కూర్చునేది. పాత పుస్తకం తిరిగి కుట్టాలంటే ముందు వెన్నుకి ఆవిరి పట్టి పాత జిగురు వదలగొట్టాలి. నాన్న పోయిన ఏడాది, అలా ఆవిరి పడుతూ చటుక్కున చెయ్యాపింది.

"అక్కా, ఇది ఏదో అంటోందే."

"నీ మొహం. తడికి కాగితం చిటపటలాడుతోంది."

వినలేదు. గ్రామఫోను ముల్లు ఒకటి, రబ్బరు గొట్టం ఒకటి ఎక్కణ్ణుంచో తెచ్చి వెన్నుకి ఆనించి, గొట్టం రెండో కొస నా చెవి దగ్గర పెట్టి తన చెవీ పక్కనే ఆనించింది. ముందు గరగరమంది. తర్వాత దగ్గు. ఆ దగ్గు వింటూ పెరిగాను నేను. "పైడీ, దారం తెమ్మంటే ఎక్కడికి పోయావే," అన్నాడు నాన్న. అప్పటికి ఆయన పోయి ఎనిమిది నెలలు. నేను గొట్టం విసిరేసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

ఉమ రెండు నెలలు దాని వెంట పడి సంగతి తేల్చింది. జిగురు ఆరుతున్నప్పుడు మైలుతుత్తం పలుకులు కడుతుంది. పక్కన ఏ చప్పుడైతే ఆ చప్పుడికి తగ్గట్టు ఆ పలుకులు వంగుతాయి, ఆరగానే అలాగే బిగుసుకుంటాయి. ఆవిరి తగిలితే వరసగా కరుగుతూ ఆ చప్పుడు వదిలేస్తాయి. ఆరే ముందరి ఏడెనిమిది నిమిషాలే ఉంటాయి. అదీ ఒక్కసారే. కరిగిందంటే మళ్ళీ లేదు.

ఒక్కసారే అని తెలిసీ మేం ఆగలేదు. ఇల్లిల్లూ తిరిగి, కొత్త బైండింగు ఊరికే చేసిస్తామని చెప్పి, నాన్న కుట్టిన పుస్తకాలన్నీ పోగేశాం. నెల రోజుల్లో నాన్నని మొత్తం ఖర్చు పెట్టేశాం. ఆఖరి పుస్తకంలో ఆయన ఎవరితోనో వాన గురించి మాట్లాడాడు. అది అయిపోయాక ఉమ వారం రోజులపాటు కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేది. ఆ తర్వాతే ఈ సంగతి తీసుకెళ్ళి తన గురువుగారికి చెప్పింది, పెద్ద యంత్రం చేస్తే ఎవరి ఇంటివాళ్ళని వాళ్ళు వినొచ్చని. అమాయకురాలు.

సభలో పదకొండింటికి పుస్తకాల బల్ల వేశారు. ఇక్కడ ఒక ఆచారముంది, వెన్ను వినడం అంటారు. అభిమానులు ఇళ్ళలో ఉన్న పాత సీరియల్ బైండింగులు తెస్తారు, విశ్వపతి అందులో ఒకటి ఎంచి హాలంతా వినేలా వినిపిస్తాడు. ఏ తాతగారి పాటో, ఏ వంటింటి గొడవో వస్తుంది, అందరూ కళ్ళు తుడుచుకుంటారు.

"మీట మాత్రం పుస్తకం తెచ్చినవాళ్ళదేనమ్మా," అన్నాడు భూషణం. "వాళ్ళే వెయ్యాలి, వాళ్ళే ఆపాలి. మూడోవాడు ముట్టుకోకూడదు. ఒక్కసారికే కరిగిపోయే గొంతు కదా, ఎవరింటి గొంతు మీద వాళ్ళకే హక్కని విశ్వపతి గారే పెట్టారు ఈ నియమం. ఎంత పెద్ద మనసో చూడండి."

"చాలా పెద్దదండి," అన్నాను.

విశ్వపతి వచ్చాడు. డెబ్భై అయిదు దాటుంటాయి, తెల్లటి జుట్టు, భుజం మీద పట్టు శాలువా. బల్ల అవతల నిలబడ్డ నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు. కొట్లో జిగురు పూసే ఆడదాని మొహం ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పుస్తకాల వెన్నుల మీద బొటనవేలి గోరు పై నుంచి కిందికి గీస్తూ వస్తున్నాడు. గోరు జారితే పలుకులు చచ్చినట్టు, పట్టుకుంటే నిండుగా ఉన్నట్టు. ఆ పరీక్ష మా ఉమ నేర్పిందే. ముప్పై ఏళ్ళుగా దాని విద్యతోనే తింటున్నాడు.

నేను అట్టలు మార్చాను, కొత్త గుడ్డ వేశాను, వెన్ను మాత్రం ముట్టుకోలేదు. నా పుస్తకం దగ్గర ఆయన గోరు ఆగిపోయింది.

"అబ్బ, ఎంత నీలం. ఇదెవరిది?"

"మాదండి."

"ఇందులో ఏముందో తెలుసా అమ్మా?"

"తెలీదండి. ఎప్పుడూ వినలేదు."

అది నిజమే. ఆ పుస్తకం 'మూడు చందమామల ఊరు' అనే సీరియల్. ఉమ స్కూల్లో ఉన్నప్పుడు వారం వారం దాచుకున్నది. ముప్పై ఏళ్ళ కిందట ఒక శ్రావణమాసం మధ్యాహ్నం, తనకోసం తనే కుట్టుకుని వెన్నుకి జిగురు పూస్తుంటే విశ్వపతి విశాఖ నుంచి కాగితం పట్టుకుని మా కొట్టుకి వచ్చాడు. నేను దారం కొనడానికి బజారుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు. తను ఉత్త సహాయకురాలినేనని, కనిపెట్టిందంతా ఆయనేనని ఉమ చేత సంతకం పెట్టించుకుని పోయాడు. బల్ల మీద టీ గ్లాసు ఇంకా వేడిగా ఉంది. ఇదీ జరిగింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ముప్పై ఏళ్ళుగా ఇదే చెప్పాను.

ఉమ మళ్ళీ యూనివర్సిటీ గడప తొక్కలేదు. పిల్లలకి లెక్కలు చెప్పుకుంది. పుస్తకానికి ఆవిరి పట్టాల్సొస్తే నన్ను పట్టమని వీధిలోకి వెళ్ళిపోయేది. నాలుగో ఏట జ్వరమొచ్చింది. డాక్టరు టైఫాయిడన్నాడు. నేను విశ్వపతి అన్నాను.

ఆ పుస్తకం వెన్నులో ఆ మధ్యాహ్నం ఉందని నాకు తెలుసు. ఎన్నిసార్లు నీళ్ళు పొయ్యి మీద పెట్టానో, ఎన్నిసార్లు దించేశానో. రబ్బరు గొట్టంతో నా ఒక్క చెవికి వినబడి లాభమేంటి? ఎవరు నమ్ముతారు? పైగా మా ఉమ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. మా ఇంట్లో టేప్ రికార్డరు ఉండేది కాదు. వింటే అయిపోతుంది, వినకపోతే ఉంటుంది. అలా భద్రంగా ఉంచుకున్నాను, మొన్నటిదాకా. మొన్న పేపర్లో నామకరణం వార్త వేశారు. చిన్నప్పుడు గాలిపటం అంటిస్తుంటే ఈ ఆలోచన తట్టిందని చెప్పాడట. గాలిపటానికి అన్నం మెతుకులు పెడతారు. మైలుతుత్తం ఎవడు పెడతాడు? ఆ మాట చదివాక ఇంక ఉంచుకోబుద్ధి కాలేదు.

మూడింటికి హాలు నిండింది. వేదిక మీద గాజుతొట్టి లాంటి యంత్రం. అందులో పుస్తకాన్ని బోర్లా పెట్టి బిగిస్తారు. కింద సన్నటి ఆవిరి గొట్టం, పైన ఎర్రటి దారంలాంటి వెలుగు. నా చేతికి ఒక మీట ఇచ్చారు, కిందికి నొక్కితే మొదలు, పైకెత్తితే ఆఖరు. విశ్వపతి మైకులో నవ్వుతూ, "ఈ తల్లి ఇంట్లో ఏ పాట దాగుందో విందాం," అన్నాడు. ఫోన్లు పైకి లేచాయి, వందల్లో.

నేను నొక్కాను.

కాకి అరిచింది. కుంచె తడితడిగా రాసుకుంటున్న చప్పుడు. దానితోపాటు ఒక కూనిరాగం. ఉమ పని చేసుకుంటూ తీసే రాగం, ఏ పాటా కాదది. హాల్లో ఎవరో "ఎంత బాగుందో" అన్నారు. ఇంతలో కాగితం మడత విప్పిన చప్పుడు.

"ఉమామణీ, నీ మేలు కోరి చెబుతున్నాను. పరిశోధన పత్రం నా ఒక్కడి పేరుతోనే వెళ్తుంది. నువ్వు ఇక్కడ సంతకం పెడితే చాలు."

మనిషి ముసలివాడైనా గొంతు అంతగా మారదు. విశ్వపతి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నా మీదికొచ్చాయి. ఇప్పుడు గుర్తుపట్టాడు.

"సార్, ఆవిరి ఎంత పట్టాలో కూడా మీకు నేనే చెప్పాను."

"చెప్పావు. కాదన్నదెవరు? కనిపెట్టింది నువ్వే. కానీ బైండింగు కొట్లో మైదాపిండి ఉడకేసుకునే పిల్ల కనిపెట్టిందంటే లోకం నవ్వుతుంది. నా పేరుంటే నమ్ముతుంది."

"నేను పెట్టను సార్."

"పెట్టకపోతే నీ థీసిస్ నా బల్ల మీదే చెదలు పడుతుంది. ఇంకో చోట చేరనిస్తానా నిన్ను?"

విశ్వపతి నా చేతిలో మీట మీదికి వచ్చాడు. "యంత్రంలో ఏదో తేడా ఉంది, ఆపండి, ఆపాలి," అన్నాడు. అట్టపెట్టెతో సహా భూషణం అడ్డం వచ్చాడు. వెండిరంగు మొహం మీద చెమట గీతలు కట్టింది.

"మీట ఆవిడదండి. మీరు పెట్టిన నియమమే సార్," అన్నాడు, చాలా మర్యాదగా.

నా కడుపు చల్లబడింది. ఎందుకు అబద్ధం చెప్పాలి? ముప్పై ఏళ్ళ తర్వాత కడుపు నిండా అన్నం తిన్నట్టుంది. విశ్వపతి శాలువా జారి కాళ్ళ దగ్గర పడింది, తీసుకోలేదు. ఇంకా కాసేపు వణకాలి వీడు, అనుకున్నాను.

అప్పుడు వెన్నులోంచి చెప్పుల చప్పుడు వచ్చింది. టపా, చప్, టపా, చప్. ఒక చెప్పు పట్టీ తెగి నేలకి కొట్టుకుంటోంది.

ఆ చెప్పులు నావి. ఆ శ్రావణమాసం అంతా తెగిన చెప్పుతోనే తిరిగాను.

విశ్వపతికీ గుర్తొచ్చినట్టుంది. మీట మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నా దగ్గరికి వంగి, మైకుకి అందకుండా, "ఇప్పుడు మీరే ఆపుకుంటారు," అన్నాడు.

ఆపొచ్చు. బొటనవేలు కొంచెం పైకి లేపితే చాలు. ఆవిరి ఎక్కిన వెన్ను కదా, ఆ తర్వాతదంతా వినబడకుండానే కరిగి కారిపోతుంది, ఎవరికీ తెలీదు. వాడి పరువు అప్పటికే సగం పోయింది, అది చాలదా? దారం కొనడానికి వెళ్ళాను, వచ్చేసరికి వెళ్ళిపోయాడు అనే మాట అలాగే నిలుస్తుంది. ఒకే మాట ముప్పై ఏళ్ళు చెప్పుకుంటే నిజమై కూర్చుంటుంది, దాన్ని లేపడం కష్టం. నేను బొటనవేలి మీద రెండో బొటనవేలు పెట్టి అదిమాను.

"ఏటే ఆ గొడవ? వీధిలోకి వినబడతంది," అంది నా గొంతు, ముప్పై మూడేళ్ళ గొంతు. "సార్ కాళ్ళు పీక్కుపోయేలా నిలబడితే కుర్చీలో కూర్చుని మాటకి మాట చెప్తావేటి? కూర్చోండి సార్, టీ ఎడతాను."

గ్లాసుల చప్పుడు. ఆ టీ పెట్టింది నేనే. వేడిగా ఎందుకుండదు?

"అక్కా, ఆయన ఏం రాయించుకుంటున్నారో చూడు."

"నాకెందుకే చూడ్డం. పెద్దాయన, చదువు చెప్పినాయన, నీ మంచికే చెబుతాడు. ఆయనతో తగువెట్టుకుని బాగుపడినోళ్ళున్నారా? మనకి పేర్లెందుకే. సంతకం ఎట్టీ."

కాకి మళ్ళీ అరిచింది.

"నాన్న దగ్గు మనిద్దరం కలిసే విన్నాం కదక్కా," అంది ఉమ.

కాగితం మీద కలం గీసుకుంది, అక్కడితో పలుకులు అయిపోయాయి. ఆవిరి మాత్రం సుయ్యిమంటూ వస్తోంది. నేను మీట వదిలేశాను.

రెక్కలమ్మాయి ఫోను దించేసింది. విశ్వపతి శాలువా తీసి భుజం మీద వేసుకున్నాడు, మైకు అందుకున్నాడు. ఆయనకి ఊపిరి తిరిగింది.

"విన్నారు కదా," అన్నాడు. "పగబట్టి నన్ను ఇక్కడ నిలబెట్టిన ఈవిడ, ఆ రోజు తనే సంతకం పెట్టమంది. నేను బలవంతం చెయ్యలేదు. ఇంటి పెద్ద, సొంత అక్క, తనే పెట్టించింది. మీ చెవులతో మీరు విన్నారు."

"అది నా గొంతేనండి," అన్నాను. మైకు లేకపోయినా నా గొంతు హాలు చివరిదాకా వెళ్తుంది, కొట్లో అరిచి అరిచి అలవాటు. "ఆ మాటలు నావే. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. యంత్రంలో తేడా ఏమీ లేదు కదండీ సార్?"

"తేడా ఎందుకుంటుంది? ప్రతి అక్షరం మీరన్నదే. నాకు బాగా గుర్తుంది."

"అంటే నా మాటలకి ముందు వచ్చినవి కూడా అక్షరం తప్పకుండా జరిగినవే."

ఆయన నోరు తెరిచాడు. యంత్రం తప్పని అనలేడు, నా గొంతు నిజమని ఇప్పుడే ఒప్పుకున్నాడు, మైకులో, ఇన్ని ఫోన్ల ముందు. నిజమని అనలేడు, 'కనిపెట్టింది నువ్వే' అన్నది కూడా అందులోనే ఉంది. నన్ను ముంచడానికి పట్టుకున్న తాడు ఆయన మెడకే చుట్టుకుంది. నేనూ మునిగాను. మునగనీ. వాడు ఒక్కడే మునగాలని నేను ముడుపు కట్టుకోలేదు కదా.

"ఇది కుటుంబ విషయం," అన్నాడు ఆఖరికి. ముందు వరసలో ఆకుపచ్చ మొహమాయన లేచి నిలబడ్డాడు. తర్వాత ఆయన వెనక వరస. అలా నిలబడే ఉన్నారు, విశ్వపతి మెట్లు దిగి, మధ్య దారిలో నడిచి, గుమ్మం దాటేదాకా.

భూషణం వేదిక మీది పేరు గుడ్డ విప్పబోయాడు. అట్టపెట్టెలో చేతులు పైకి లేవక తంటాలు పడుతుంటే రెక్కలమ్మాయి వచ్చి ముడి విప్పింది. "మీ చెల్లెలి పూర్తి పేరు చెప్పండమ్మా, రాసుకుంటాను," అన్నాడు ఆయన. చెప్పాను. రాసుకున్నాక తలెత్తి నన్ను చూశాడు గానీ పొద్దున చూసినట్టు చూడలేదు. టీ తాగుతారా అని కూడా అడగలేదు. అందుకు నేనేమీ అనుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం కొట్లో జిగురు ఉడకేశాను, గుప్పెడు మైలుతుత్తం వేశాను. 'మూడు చందమామల ఊరు' వెన్ను పాలిపోయి తెల్లటి గుడ్డలా వేలాడుతోంది. దారం తీసి మొదటి నుంచి మళ్ళీ కుట్టాను. జిగురు నిండుగా పూసి బల్ల మీద నిలబెట్టాను. ఈసారి దారం చాలకపోయినా బజారుకి వెళ్ళలేదు. తలుపు వేసి దాని ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"ఉమా, కలం కింద పెట్టు," అన్నాను. "సార్, మీ చెప్పులు వాకిట్లో ఉన్నాయి. వేసుకుని బయల్దేరండి."

జిగురు ఆరేదాకా అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పాను.